మూతిగుడ్డ

మా మత్తూరు దిక్కున ఈ వస్తువుకు నాలుగు పేర్లున్నాయి. సర్కారువాళ్లు బోర్డుల మీద తమిళంలో ‘ముగకవసం’ అని రాసినారు. చదువుకున్నవాళ్లు ‘మాస్కు’ అన్నారు. సేద్యగాళ్లు ‘చిక్కం’ అన్నారు. కళ్లంలో తిరిగే ఎద్దులు గింజలకు నోరు పెట్టకుండా వాటి మూతికి కట్టే తాళ్ల అల్లిక పేరది. ఇండ్లలో ఆడవాళ్లు మాత్రం ‘మూతిగుడ్డ’ అన్నారు. నాకు ఈ చివరి మాటే నచ్చింది. కవసం అంటే యుద్ధానికి పోతున్నట్టుంటుంది. మాస్కు అంటే దొంగతనానికి పోతున్నట్టుంటుంది. మూతిగుడ్డ అంటే ఏదో పని మీద పోతున్నట్టుంటుంది.

2020లోనూ 2021లోనూ ఈ నాలుగు పేర్లూ ఊరంతా వినబడేవి. ఇప్పుడు పేర్లతో పని లేదు. వస్తువే కనబడదు. క్రిష్ణగిరి నుండి ఊత్తంగరకు పోయే పెద్దబాట మా ఊరి మీదుగానే పోతుంది. ఆ బాటలో ఈ కొన నుండి ఆ కొన దాకా నడిచి చూడండి. మూతిగుడ్డ కట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కనబడతాను. బండ్ల మీద పోయే ఆడపిల్లలు దుమ్ముకు చున్నీ చుట్టుకుంటారు, మామిడి తోటలో మందు కొట్టేవాళ్లు ముక్కుకు తువాలు కట్టుకుంటారు. అది వేరే లెక్క.

నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా చేరి ఆఫీసరైనవాణ్ణి. వైద్యం తెలిసినవాణ్ణి కాను. అయినా రోజుకు నలుగురైనా నన్ను ఈ గుడ్డ గురించి అడుగుతారు. “ఏమి సార్, మీకింకా కొరోనా పోలేదా?” అని ఒకరు. “గవుర్మెంటే లేదని చెప్పేసింది గదా” అని ఇంకొకరు. “మూడు తూర్లు సూది యేయించుకుంటిరి గదా, మళ్లా యేమి బయం?” అని మరొకరు. “సార్ పండ్లు కట్టించుకున్నట్లుండాది, ఆరేదాకా మూసి పెట్టినారు” అని నవ్వేవాళ్లూ ఉన్నారు. నేనూ నవ్వుతాను. గుడ్డ వెనక నవ్వింది వాళ్లకు తెలియదు, అంతే. ఒక్కొక్కరికి కౌంటరు దగ్గర నిలబడి జవాబు చెప్పలేను గనుక, మన పత్రిక చదివేవాళ్లతోనైనా ఒకసారి నిమ్మళంగా మాట్లాడుదామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదట ఇంటి సంగతి చెప్పాలి. మా ఇంటామెకు 2018లో మూత్రపిండం మార్చినారు. ఇచ్చింది వాళ్ల అక్క. మనిషి ఒంట్లో ఒక కావలివాడు ఉంటాడు. బయటిది ఏది లోపలికి వచ్చినా తరుముతాడు. తోడబుట్టిన అక్క ఇచ్చినదైనా సరే, ఆ మూత్రపిండం వాడి లెక్కలో బయటిదే. వాడు దాన్ని తరమకుండా ఉండాలంటే వాణ్ణి ఎప్పుడూ సగం నిద్రలో ఉంచాలి. అందుకే పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ ఆమెకు మాత్రలు. ఒక పూట తప్పకూడదు. బతికినన్నాళ్లూ ఇంతే.

కావలివాడు సగం నిద్రలో ఉన్న ఇంటికి ఏ దొంగైనా సులభంగా వస్తాడు. నాకు రెండు రోజుల జలుబు అయ్యేది ఆమెకు ఆసుపత్రి పడక అవుతుంది. టీకాలున్నాయి గదా అంటారు. వేయించినాము. కానీ టీకా అనేది కావలివాడికి చెప్పే పాఠం. నిద్రలో ఉన్నవాడు పాఠం ఎంత వింటాడు? అవయవ మార్పిడి జరిగినవారికి టీకా బలం తక్కువగానే పడుతుందని డాక్టర్లు ముందే చెప్పినారు. అయినా వేయించుకోవాలి, దాన్నే నమ్ముకొని కూర్చోకూడదు అన్నారు.

ఆమె ఎక్కువగా ఇంట్లోనే ఉంటుంది. తోట పని చూసుకుంటుంది, రేడియో వింటుంది. నేను పోతూ రెండు బస్సులు, వస్తూ రెండు బస్సులు ఎక్కి, జనం వచ్చిపోయే హాలులో ఎనిమిది గంటలు కూర్చొని ఇల్లు చేరతాను. ఆమెకు బయటి లోకమంటే నేనే. నా ముక్కే ఆ ఇంటి వాకిలి. వాకిలికి తలుపు పెట్టుకోవడం పిరికితనం అని ఎవరూ అనరు గదా.

ఇక బ్యాంకు సంగతి. మా హాలు గోడ ఈ కాలంలో మూడు బోర్డులు చూసింది. 2020కి ముందు, “హెల్మెట్టు, ముఖం మీది గుడ్డ తీసి లోపలికి రండి” అని ఉండేది. కెమెరాలో ముఖం పడాలి గదా. 2020లో దాన్ని తీసి “ముగకవసం లేనివారికి అనుమతి లేదు” అని పెట్టినాము. 2022 తరువాత పాత బోర్డే మళ్లీ గోడకెక్కింది. మేకు మాత్రం అదే.

2020లో మొదటి నెలలు మా జిల్లావాళ్లకు బాగా గుర్తుండాలి. ఆ సంవత్సరం ఏప్రిల్ 30న కేంద్ర ఆరోగ్య శాఖ జిల్లాలకు రంగులు పూసి ఒక పట్టిక ఇచ్చింది. తమిళనాడు మొత్తానికి పచ్చరంగు దొరికింది ఒక్క క్రిష్ణగిరి జిల్లాకే. మిగిలినవన్నీ ఎరుపు, నారింజ. మావాళ్లు పొంగిపోయినారు. మామిడి చెట్ల గాలి అన్నారు, రాగిముద్ద బలం అన్నారు. ఒకవైపు బెంగుళూరు, ఒకవైపు చిత్తూరు, నడుమ రాత్రింబగళ్లు లారీలు పోయే బాట. పచ్చరంగు ఎన్నాళ్లుంటుంది? మే నెలలో అదీ పోయింది.

బ్యాంకులకు ఆ నాళ్లలో సెలవు లేదు. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలు ఆడవాళ్ల జన్‌ధన్ ఖాతాలలో కేంద్రం ఐదేసి వందలు వేసింది. ఖాతా నంబరు చివరి అంకెను బట్టి ఈ దినం వీళ్లు, ఆ దినం వాళ్లు రావాలని రోజులు పంచినారు. మా బ్రాంచి ముందర సున్నంతో వలయాలు గీయించినాము. కొంగు అడ్డం పెట్టుకొని, ఎండలో ఒక్కొక్క వలయంలో ఒక్కొక్కరు నిలబడినారు. ఐదు వందల కోసం అంత ఒద్దికగా నిలబడినవాళ్లను నేను అంతకు ముందు చూడలేదు. మా క్యాషియరు వేలిని నాలుకకు తగిలించి నోట్లు ఎంచేవాడు. మా తరంలో సగం మందికి అదే అలవాటు. ఆ వారంలోనే వాడు స్పాంజి డబ్బాకు మారినాడు.

అంటే నేర్చుకోవడం మనకు రాక కాదు. నేర్చుకున్నాము. తమిళనాడులో మూతిగుడ్డ లేకపోతే మొదట 200 రూపాయల జరిమానా ఉండేది, 2022 జనవరిలో దాన్ని 500 చేసినారు. జరిమానాకు భయపడి కట్టుకున్నవాళ్లు గడ్డానికి కట్టుకున్నారు. జబ్బుకు భయపడి కట్టుకున్నవాళ్లు ముక్కుకు కట్టుకున్నారు. జరిమానా పోగానే మొదటివాళ్లు తీసేసినారు. రెండోవాళ్లు ఎందుకు తీసేసినారు అన్నదే నేను చాలా నాళ్లుగా ఆలోచిస్తున్న సంగతి.

2021 ఎండాకాలం తరువాత నా మేజా మీదికి వచ్చిన కాగితాలు గుర్తున్నాయి. ఖాతాదారు చనిపోతే ఇంటివాళ్లు మరణ ధ్రువపత్రం, పాసుబుక్కు, నామినీ ఆధారు తెస్తారు. నామినీ లేకపోతే తాలూకా ఆఫీసు నుండి వారసు సర్టిఫికేటు తెస్తారు. అప్పట్లో, 2021లో, ఏడాదికి 330 రూపాయలు కట్టిన ప్రధానమంత్రి బీమా ఉంటే రెండు లక్షల క్లెయిము రాయాలి. మామూలు కాలంలో ఈ కాగితాలు అప్పుడొకటి ఇప్పుడొకటి వస్తాయి, వచ్చేవీ ముసలివాళ్లవి. ఆ సంవత్సరం జూన్, జూలై నెలల్లో కట్టలుగా వచ్చినాయి. పుట్టిన తేదీలు చూస్తే చాలామంది నాకంటే చిన్నవాళ్లు.

ఇంటివాళ్లు తెచ్చే మరణ ధ్రువపత్రంలో చావుకు కారణం ఉండదు. పేరు, తేదీ, చోటు, అంతే. కాబట్టి ఎవరు దేనితో పోయినారో ఆ కాగితం చెప్పదు. కానీ అన్ని కాగితాలనూ ఒకచోట పెట్టి కూడితే లెక్క మాట్లాడుతుంది. దేశంలో 2019లో నమోదైన చావులు సుమారు 76 లక్షలు. 2020లో 81 లక్షలు. 2021లో ఒక కోటి రెండు లక్షలు. ఇది ఎవరో గిట్టనివాళ్లు వేసిన లెక్క కాదు. జనన మరణాల రిజిస్ట్రారు జనరలు ప్రచురించిన లెక్క. 2021 లెక్క బయటికి వచ్చింది 2025 మే నెలలో. నమోదు చేయించేవాళ్లు పెరిగినందువల్ల కొంత పెరిగి ఉండవచ్చు. అయినా ఒక్క ఏడాదిలో ఇరవై లక్షలకు పైగా పెరగడానికి అదొక్కటే కారణం కాదని పద్దులు రాసేవాడికి ఎవడికైనా తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో చెప్పిన అంచనా ఇంకా పెద్దది. మన దేశంలో 2020, 2021 రెండేండ్లలో మామూలుకంటే 47 లక్షల చావులు ఎక్కువ అన్నది. మన ప్రభుత్వం ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. అప్పటికి మన ప్రభుత్వ లెక్కలో ఆ రెండేండ్ల కొరోనా చావులు ఐదు లక్షల లోపలే.

ఆ కాగితాలు తెచ్చినవాళ్లలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఊరూ పేరూ వద్దు. ముప్పై నాలుగేండ్ల కొడుకు పోయినాడు. మామిడికాయల బండి తోలేవాడు. కోడలి చేత వేలిముద్ర వేయించి, రెండు లక్షలు వచ్చినాక కన్నీళ్లు పెట్టుకొని పోయినాడు. ఇప్పటికీ నెలకొకసారి వస్తాడు. నన్ను చూసినప్పుడల్లా అంటాడు: “కొరోనా లేదు గిరోనా లేదు నాయనా. ఆస్పత్రివాళ్లే నా బిడ్డను సంపేసినారు. సదువుకున్నోడివి, నువ్వు గూడా నమ్ముకొని మూతి కట్టుకొని తిరగతావే!”

మొదట్లో నాకు లెక్కలు చెప్పాలని నాలుక దాకా వచ్చేది. తరువాత ఒకనాడు ఆయనే మాటల్లో చెప్పినాడు. ఇంట్లో మొదట జ్వరం వచ్చింది ఆయనకేనట. చుట్టాల ఇంటి చావుకు పోయి వచ్చిన మూడోనాడు. వారానికి కొడుక్కు వచ్చింది. ఆయన లేచి తిరిగినాడు, కొడుకు పోయినాడు.

అది విన్న తరువాత నేను ఆయనతో వాదించలేదు. కొరోనా ఉందని ఒప్పుకుంటే, అది ఎవరి నుండి వచ్చిందనే ప్రశ్న కూడా ఉంటుంది. ఆ ప్రశ్నతో ఏ తండ్రి నిద్రపోగలడు? లేదంటే అందరికీ నెమ్మది. ఊళ్లో ‘లేదు, లేదు’ అనేవాళ్లలో చాలామంది మూర్ఖులు కారు. ఏదో ఒక ఇంట్లో ఒక పడక ఖాళీ అయినవాళ్లు. దానికి నా దగ్గర మందు లేదు. ఆయన ఫారం నింపి ఇస్తాను, కూర్చోమంటాను, మంచినీళ్లు తెప్పిస్తాను. మూతిగుడ్డ మాత్రం తీయను.

మామూలు మనుషుల ‘లేదు’కు ఇదీ కారణం. మరి పెద్ద ఆఫీసుల ‘లేదు’కు? దీనికి మా బ్యాంకు భాషే సరిపోతుంది. మాకు రెండు మాటలున్నాయి. ఒకటి మాఫీ. మా తమిళనాడులో ‘తళ్లుబడి’ అంటారు. రెండోది రైటాఫ్. పేపర్లలో రెంటినీ ఒకటే అన్నట్టు రాస్తారు. మాఫీ అయితే అప్పు పోయింది, పత్రం వాపసు ఇచ్చేస్తాము. రైటాఫ్ అయితే అప్పు పోలేదు. తొంబై రోజులు కంతు రాకపోతే ఖాతా మొండిబాకీ పట్టీలోకి పోతుంది. ఏండ్లు గడిచినా రాకపోతే, లాభంలో నుండి అంత సొమ్ము తీసి పక్కన పెట్టి, ఆస్తి అప్పుల పట్టీలో నుండి ఆ పద్దును ఎత్తేస్తాము. పట్టీ శుభ్రంగా కనబడుతుంది. బాకీదారు మాత్రం బాకీదారే, వసూలు పనీ జరుగుతూనే ఉంటుంది. పేపరు చదివి “నా అప్పు కొట్టేసినారంట గదా” అని సంతోషంగా వచ్చినవాళ్లకు ఈ తేడా చెప్పడం మా ఉద్యోగంలో కష్టమైన పని.

కొరోనాకు జరిగింది రైటాఫే, మాఫీ కాదు. 2022 మార్చి 31తో కేంద్రం విపత్తు చట్టం కింద పెట్టిన కట్టుబాట్లు ఎత్తేసింది. ఆ ఉత్తరువులో కూడా మాస్కు, చేతుల శుభ్రం కొనసాగించమనే ఉంది. అంతవరకు ఎవరు చదివినారు? 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసిందని చెప్పింది. ముప్పు ముగియలేదని ఆనాడే ఆ మాట పక్కనే చెప్పింది. మొదటి మాట అన్ని భాషల్లోకీ పోయింది, రెండోది పోలేదు. దానికి నెల ముందే, 2023 ఏప్రిల్ 1 నుండి, తమిళనాడు ప్రభుత్వ ఆసుపత్రులలో మూతిగుడ్డ మళ్లీ తప్పనిసరి చేసినారు. 2025 జూన్‌లో దేశంలో ఒకే సమయాన జబ్బుతో ఉన్నవారి లెక్క ఏడు వేలు దాటింది. అదీ పరీక్ష చేయించుకున్నవాళ్లు మాత్రమే. పరీక్షలు ఎవరు చేయించుకుంటున్నారు? ఇప్పుడు అందరిదీ ‘వైరల్ ఫీవరే’. పేరు అడిగితే చెప్పేవారు లేరు.

2021లో మాదిరి ఇప్పుడు జనం రాలిపోవడం లేదు. అది నిజమే, దాన్ని కాదనకూడదు. టీకాల వల్లా, ఒకసారి వచ్చి పోయినందువల్లా చాలామందికి బలం వచ్చింది. కానీ ‘చాలామంది’ అనే మాటలో మా ఇంటామె లేదు. కీమో తీసుకొనేవాళ్లు లేరు, డయాలిసిస్‌కు పోయేవాళ్లు లేరు, రాతి పాలిషు దుమ్ము ఏండ్ల తరబడి పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్లు లేరు. మా జిల్లాలో గ్రానైటు పని ఎంత ఉందో మీకు తెలుసు.

ఒక జబ్బు ఎప్పుడు పోయినట్టు? మా అవ్వ కాలంలో దీనికి ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో అమ్మవారు పోస్తే వాకిలికి వేపమండలు కట్టేవాళ్లు. ఆ మండలు చూసి పరాయివాళ్లు లోపలికి పోరు, ఆ ఇంటివాళ్లు పెండ్లికీ సంతకూ రారు. తాలింపు వేయరు. తలకు నీళ్లు పోసేదాకా మండలు విప్పరు. అందులో భక్తి ఎంతో, బుద్ధి అంత. ఇంటి ముందర వేపమండ ఉంటే “యింకా తీయలేదా?” అని ఎగతాళి చేసినవాణ్ణి మా అవ్వ ఎన్నడూ చూసి ఉండదు. ప్లేగు సంగతి కూడా వాళ్లమ్మ చెప్పగా విన్నానని చెప్పేది. ఎలకలు రాలితే ఊరు వదిలి తోటల్లో గుడిసెలు వేసుకొనేవాళ్లట. 1898లో ప్లేగు రైలెక్కి బెంగుళూరికి వచ్చింది. అక్కడా కోయంబత్తూరులోనూ ప్లేగు మారెమ్మ గుళ్లు ఇప్పటికీ ఉన్నాయి. గుడి కట్టుకున్నవాళ్లు జబ్బు లేదనలేదు. ఉందని ఒప్పుకొని, దానికొక పేరు పెట్టి, దండం పెట్టినారు.

అమ్మవారు చివరికి ఎట్లా పోయింది? జనం విసిగిపోయినందువల్ల పోలేదు. ఇల్లిల్లూ తిరిగి వెదికినారు, జబ్బు మనిషిని చూపినవాళ్లకు బహుమానం ఇచ్చినారు, ఆ చుట్టుపక్కల అందరికీ టీకా వేసినారు. 1975 మేలో మన దేశంలో చివరి మనిషి దొరికింది. అప్పటికీ వెంటనే ‘పోయింది’ అనలేదు. రెండేండ్లు వెదికి, 1977లో అన్నారు. పోలియోకూ అంతే. 2011 జనవరిలో చివరి కేసు, 2014 మార్చిలో సర్టిఫికేటు. జబ్బు పోయిందని చెప్పే హక్కు వెదికినవాడిది. వెదకడం మానేసినవాడిది కాదు.

విసుగుతో మరిచిపోయిన జబ్బు కూడా ఒకటుంది. 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా. ఈ దేశపు జనాభా లెక్కల్లో పదేండ్లకు జనం తగ్గింది ఒక్కసారే. 1911లో 25 కోట్ల 21 లక్షలున్నవాళ్లం 1921లో 25 కోట్ల 13 లక్షలమైనాము. అంత పెద్ద చావుకు మన ఊళ్లలో ఒక గుడి లేదు, ఒక పాట నేను వినలేదు. అదే కాలంలో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోవాళ్లు మూతిగుడ్డ వద్దని 1919 జనవరిలో ఒక సంఘమే పెట్టుకున్నారు. కాబట్టి నన్ను చూసి నవ్వేవాళ్లు కొత్త పనేమీ చేయడం లేదు.

ఈ గుడ్డకు పెద్దమనిషి ఎవరంటే ఊ లియెన్-టె అనే డాక్టరు. మన తమిళనాడు జనం ఎందరో పోయి కుదురుకున్న పెనాంగులోనే పుట్టినాడు. 1910 చివర మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వస్తే చైనా ప్రభుత్వం ఆయనను పంపింది. ఇది ఎలకల నుండి కాదు, మనిషి శ్వాస నుండి మనిషికి పోతోందని ఆయన చెప్పి, దూదిని గాజుగుడ్డలో మడిచి ముక్కుకూ నోటికీ కట్టించినాడు. ఆయనకంటే పెద్ద పేరున్న మేనీ అనే ఫ్రెంచి డాక్టరు ఆ మాటను లెక్కచేయలేదు. గుడ్డ లేకుండా రోగుల దగ్గరికి పోయి, కొన్ని రోజుల్లోనే అదే జబ్బుతో పోయినాడు. వందేండ్ల తరువాత కూడా ఈ పాఠం మళ్లీ మొదటి నుండి చదవాల్సి వచ్చింది. 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొరోనా గాలిలో వ్యాపించదని గట్టిగా చెప్పి, తరువాత మెల్లమెల్లగా వ్యాపిస్తుందని ఒప్పుకుంది. ఈలోగా మనం కూరగాయలను సబ్బుతో కడిగినాము, కిటికీలు మూసుకొని కూర్చున్నాము.

ఇక చుట్టరికాల సంగతి. ఈ గుడ్డ వల్ల నాకు కష్టమైంది బజారులో కాదు, పెండ్లిలో. 2023లో మా అక్క కొడుకు పెండ్లి క్రిష్ణగిరిలో. మేనమామను గనుక నేను పీటల దగ్గర నిలబడాలి. ముందునాడే అక్క పిలిచి చెప్పింది: “రేయ్, బీగుల ముందర మూతి కట్టుకొని నిలబడతావా? యీళ్ల ఇంట్లో యేదో రోగముండాదని అనుకోరా? ఒక్క పూట తీసేస్తే యేమి పోతుంది?” వెయ్యిమంది కూడే మూసిన హాలు. ఏమి పోతుందో నాకు తెలుసు. “అక్కా, మేనమామ చేయాల్సినవన్నీ చేస్తాను, ఇది మాత్రం అడగొద్దు” అన్నాను. చేసినాను. ఫోటోగ్రాఫరు “సార్, మాస్కు ఎడుంగ” అని మూడుసార్లు అన్నాడు. నేను తల అడ్డం ఊపినాను. బంతిలో కూర్చోలేదు, ఆకు తెప్పించుకొని హాలు బయట చింతచెట్టు కింద తిన్నాను. అక్క రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

మరుసటి ఏడు ఆ కోడలికి నెలలు నిండకముందే పాప పుట్టింది. బిడ్డను తాకేవాళ్లందరూ మూతికి గుడ్డ కట్టుకోవాలని ఆసుపత్రిలో చెప్పినారు. ఆ రాత్రి అక్క ఫోను చేసింది. పెండ్లి మాట ఎత్తలేదు. “నీ దగ్గర ఆ మంచి మూతిగుడ్డలు ఉంటాయి గదా. ఒక పెట్టె పంపు. ఎట్లా కట్టుకునేదో గూడా చెప్పు” అన్నది. పొద్దున మొదటి బస్సుకు నేనే తీసుకుపోయినాను. పాప ఇప్పుడు బాగుంది. పెండ్లి ఆల్బంలో నా ఫోటో కూడా అట్లే ఉంది.

అక్కకు చెప్పినదే మీకూ చెబుతాను. గుడ్డతో కుట్టినది లేనిదానికంటే మేలు, అంతే. ఎన్-95 అని రాసి ఉన్నది, తలకు రెండు పట్టీలు వేసేది మంచిది. మన కంటికి ఆనని సన్నని కణాలలో నూటికి తొంబై ఐదైనా అది పట్టుకుంటుంది. అయితే అంచుల్లో సందు ఉండకూడదు. సందు ఉంటే, దూలం వేసి తలుపు తీసి పెట్టినట్టు. ముక్కు మీది కమ్మీని రెండు వేళ్లతో నొక్కాలి. ఊది చూస్తే పక్కల నుండి గాలి రాకూడదు. నా దగ్గర ఐదు ఉంటాయి. ఒకనాడు కట్టింది కాగితం కవరులో వేసి మరుసటి వారం దాకా ముట్టను. పట్టీ సాగినా, తడిసినా పారేస్తాను. ఇంత చేసినా పూర్తి రక్షణ కాదు. సంతకం, తాకట్టు, హామీదారు అన్నీ ఉన్నా కొన్ని అప్పులు మొండివవుతాయి. అట్లని కాగితాలు లేకుండా ఎవరమూ అప్పు ఇవ్వము.

దీనివల్ల పోగొట్టుకున్నవీ ఉన్నాయి. నాలుగు గంటలకు తోటి ఉద్యోగులతో కలిసి తాగే టీ పోయింది. చెవుడున్న ముసలివాళ్లకు నా మాట అందదు, కాగితం మీద రాసి చూపాలి. కొత్తగా వచ్చిన పిల్లలకు నా ముఖం ఎట్లుంటుందో సరిగ్గా తెలియదు. రిటైరయ్యేనాడు తీసే ఫోటోలో కూడా ఇట్లే ఉంటానేమో. తూచి చూస్తే ఒక తట్టలో ఇవన్నీ, ఇంకొక తట్టలో రాత్రి ఎనిమిదింటికి మాత్ర మింగి, పొయ్యి దగ్గర నిలబడి నా కోసం చూసే మనిషి. పెద్ద లెక్కేమీ కాదు.

మిమ్మల్ని మూతిగుడ్డ కట్టుకోమని నేను అడగడం లేదు. కట్టుకొన్నవాళ్లు కనబడితే మాత్రం కొన్ని మాటలు గుర్తుంచుకోండి. ఎందుకని అడగవద్దు. ఇంట్లో ఎవరికి ఏముందో నలుగురిలో చెప్పుకోవడం ఎవరికీ ఇష్టముండదు. మీకు దగ్గు, జ్వరం ఉంటే బ్యాంకు పని రెండు రోజులు వాయిదా వేసుకోండి, వడ్డీ ఏమీ ముంచుకుపోదు. పెండ్లి హాలులో, బస్సులో, బడిలో కిటికీ ఉంటే తెరవండి. చెల్లి పెండ్లికో, బిడ్డ పేరు పెట్టే పండక్కో అట్లాంటివాళ్లు వస్తే, గాలి వచ్చే పక్కన ఒక కుర్చీ వేసి, వాళ్ల ఆకును అక్కడికే పంపండి. అంతకంటే మర్యాద వాళ్లకు అక్కరలేదు.